గాలివాన తర్వాత కరెంటు రాని వేళ
హైదరాబాదులో ఈదురుగాలులకు చెట్లు విరిగి తీగలపై పడినప్పుడు, తెగిన తీగ దగ్గరకు ఎవరినీ వెళ్ళనీయకుండా, వెంటనే 1912కు ఫోన్ చేసి, బిల్లుపై ఉన్న సర్వీసు నంబరు చెప్పి ఫిర్యాదు నమోదు చేయించాలి. మోటారు ఆగితే మేడపై ట్యాంకులో మిగిలిన నీళ్ళే ఇంటిల్లిపాదికీ ఆధారం కనుక, తాగడానికీ వంటకూ కావలసినన్ని ముందే బిందెల్లో పట్టుకోవాలి. ఫ్రిజ్ తలుపు తీయకపోతే లోపలి చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. అది దాటితే పాలు, మాంసం, వండిన కూరలు పారవేయడానికి వెనుకాడకూడదు, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో. ఇన్సులిన్ వాడే పెద్దలుంటే, సీసాను తడి తగలని డబ్బాలో ఉంచి, ఆ డబ్బాను నీళ్ళున్న మట్టికుండలో నీడపట్టున పెట్టాలి. మన అమ్మమ్మల నాటి కుండ ఇప్పటికీ నమ్మదగినదే. జనరేటరును ఇంటిలోపల గానీ బాల్కనీలో గానీ నడపరాదు, ఎందుకంటే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు అనే ప్రాణాంతక విషవాయువుకు వాసన ఉండదు.