తుపాను బులెటిన్ చదవడం నేర్చుకుందాం – 6వ పాఠం: తీరం దాటాక బలపడిందా?

గత పాఠంలో వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అనే మెట్లను గాలి వేగాన్ని బట్టి గుర్తుపట్టడం నేర్చుకున్నాం. తుపానుకు వెచ్చటి సముద్రమే ఆహారమనీ, తీరం దాటితే అది అందక బలహీనపడుతుందనీ చెప్పుకున్నాం. దాదాపు ఎప్పుడూ అంతే. ఆ ‘దాదాపు’ గురించే ఈ పాఠం. “తీరం దాటేసింది కదా, ఇంకేం భయం” అని మనం టీవీ కట్టేసేది సరిగ్గా ఈ దశలోనే. అందుకే కాస్త నిదానంగా చదవండి.

ముందు ఒక అలవాటు చేసుకుందాం. నేల మీదికొచ్చాక తుపాను బలపడిందని ఎవరైనా అంటే, ఏం చూసి అన్నారో అడగండి. వాన చూసా, గాలి చూసా, రాడార్ బొమ్మ చూసా, పీడనం చూసా?

వాన ఎక్కువైనంత మాత్రాన బలం పెరిగినట్టు కాదు. బలహీనమైన వాయుగుండం కూడా ఒకేచోట తిష్ఠ వేస్తే ఊళ్లు ముంచేస్తుంది.

గాలి దగ్గర చాలామంది పొరబడతారు. ‘గంటకు 60-70 కి.మీ., అప్పుడప్పుడు 80 కి.మీ.’ అని ఉంటే మొదటిది సగటు వేగం, రెండోది కొద్ది క్షణాల పాటు విసిరికొట్టే గాలి. నిన్నటి సగటును ఇవాళ్టి విసురుతో పోల్చకండి. పైగా మన వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు తీస్తుంది, అమెరికాలో 1 నిమిషం సగటు తీస్తారు. ఒకే గాలికి అక్కడ అంకె కొంచెం పెద్దగా వస్తుంది. ఇంకొకటి, సముద్రం మీద కొలిచే పరికరాలు తక్కువ. తీరం దాటాక పెద్ద అంకె కనిపిస్తే, అది కొలత ఇప్పుడే దొరకడం వల్ల కూడా కావచ్చు.

రాడార్ బొమ్మ కోసం చిన్న ప్రయోగం చేయండి. గ్లాసు నీళ్లలో, మరిగించి వడకట్టిన టీ పొడి కొంచెం వేసి, చెంచాతో గిర్రున తిప్పి వదిలేయండి. పొడి అడుగున మధ్యకు చేరుతుంది. అడుగు నీరు గ్లాసును రాసుకుని వేగం తగ్గి, లోపలికి జారడమే కారణం. తుపాను కింది గాలి కూడా చెట్లనూ ఇళ్లనూ రాసుకుని వేగం తగ్గి, కేంద్రం వైపు మళ్లుతుంది. అక్కడ పోగై పైకి లేస్తుంది, మేఘాలు చిక్కబడతాయి, కన్ను, అంటే తుపాను నడుమ మబ్బుల్లేని గుండ్రటి ఖాళీ, బిగుసుకున్నట్టు కనిపిస్తుంది. నేల మీద గాలి తగ్గుతూ ఉండగానే బొమ్మ మాత్రం బలంగా ఉంటుంది. కొన్ని గంటల ముచ్చట ఇది.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి కేంద్రంలోని పీడనం. అది పెరుగుతుంటే తుపాను నీరసిస్తోంది. అది కూడా తగ్గుతూ, సగటు గాలి పెరిగితే మాత్రం బలపడటం నిజమే.

అలా నిజంగా జరిగింది. 2007 ఆగస్టు 16న ఎరిన్ అనే బలహీనమైన తుపాను అమెరికాలో టెక్సాస్ తీరం దాటింది. సముద్రం మీద దాని గాలి గంటకు 65 కి.మీ. మించలేదు. మూడు రోజుల తర్వాత, తీరానికి 800 కి.మీ. పైగా లోపల, ఒక్లహోమాలో తెల్లవారుజామున సగటు గాలి 95 కి.మీ.కి చేరింది. వటోంగా ఊళ్లో విసురు 130 కి.మీ. దాటింది. పీడనం 995 మిల్లీబార్లకు పడిపోయింది. రాడార్‌లో కన్ను లాంటిది కొద్ది గంటలు కనిపించింది. సముద్రం మీద ఎన్నడూ లేనంత బలం!

మరి ఆహారం ఎక్కడిది? ఆ ఏడాది అక్కడ వేసవి వానలు విపరీతంగా కురిసి నేల నానిపోయి ఉంది. వాన వెలిశాక ఎండ కాస్తే మన వాకిట్లో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలుసుగా? తడి నేల ఆవిరి రూపంలో వేడిని గాలికి ఇస్తుంది. ఆ ఆవిరి మబ్బుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడే తుపానును నడిపిస్తుంది. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన థెరెసా ఆండర్సన్, మార్షల్ షెపర్డ్ 2013లో దీన్ని వివరించారు. దీనికి ‘బ్రౌన్ ఓషన్’ అని పేరు, అంటే మట్టిరంగు సముద్రం. సముద్రం చదరపు మీటరుకు సుమారు 200 వాట్లు ఇస్తే, నేల కనీసం 70 వాట్లయినా ఇవ్వాలని వారి లెక్క. చుట్టూ గాలి కూడా ఉష్ణమండలపు గాలిలా వెచ్చగా, తేమగా ఉండాలి. చల్లగాలి వచ్చి కలిస్తే కథ వేరు. అప్పుడు వేడి చల్లని గాలుల తేడా నుంచి బలం తీసుకునే మరో రకం తుపానుగా మారుతుంది.

2008 ఆగస్టు 19న ఫే తుపాను కూడా ఫ్లోరిడా చిత్తడి నేలల మీద 95 నుంచి 110 కి.మీ.కి పెరిగింది.

ఈ వారం అభ్యాసం: 2024 ఆగస్టు చివర ఒక తీవ్ర వాయుగుండం రాజస్థాన్, గుజరాత్‌ల మీదుగా, నానిన నేల మీదే రోజుల తరబడి నిలిచింది. 30న కచ్ తీరం నుంచి అరేబియా సముద్రంలోకి వచ్చి అస్నా తుపాను అయింది. నేల దాన్ని బలపరిచిందా, నిలబెట్టిందా? జవాబుకు ఏ రెండు అంకెలు కావాలో నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.