స్వీడన్ దీవుల మధ్య ఇరుకు నీటిదారుల్లో తెరచాప పడవ నడపడం

చెన్నైలో తెరచాప పడవ నేర్చుకుని, స్టాక్‌హోమ్ దీవుల మధ్య పడవ అద్దెకు తీసుకోవాలనుకునే మన తెలుగువారు అలవాటు చేసుకోవలసినది కొత్త జాగ్రత్త. మన తీరంలో ఇసుకనేల మెల్లగా ఏటవాలుగా దిగుతుంది కనుక లోతు తగ్గుతున్న సంగతి ముందే తెలుస్తుంది. అక్కడ దీవులు, బండలు కలిపి దాదాపు 30,000 ఉన్నాయి. ఇరవై మీటర్ల లోతు పక్కనే ఒక బండ నీటికి జానెడు కింద పొంచి ఉండవచ్చు.

కాబట్టి పటం మీద వేలు పెట్టి, పడవ కదిలేకొద్దీ వేలినీ కదపండి. 1:50,000 పటంలో కిలోమీటరు అంటే రెండు సెంటీమీటర్లు. ఐదు నాట్ల (గంటకు సుమారు తొమ్మిది కిలోమీటర్ల) వేగంతో అంత దూరం దాటడానికి ఆరున్నర నిమిషాలు చాలు. తెర మీద జీపీఎస్ చుక్క ఉన్నా ఈ పద్ధతిని మానకూడదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే వేలు పెట్టినవాడు తర్వాత రాబోయే గుర్తును ముందుగానే వెతుకుతాడు.

సముద్రం నుంచి లోపలికి వస్తున్నప్పుడు ఎర్ర బోయా (దారి చూపేందుకు నీటిపై తేలే గుర్తు) ఎడమవైపు, ఆకుపచ్చది కుడివైపు ఉండాలి. దీవుల నడుమ ఏది లోపలో, ఏది బయటో తేలనప్పుడు పటంలోని దిశాబాణమే ప్రమాణం. నలుపు పసుపు గుర్తుపై రెండు శంకువుల మొనలూ పైకి ఉంటే దానికి ఉత్తరంగా వెళ్లాలి.

అక్కడ ఆటుపోట్లు లేనట్టే, అయినా నీటిమట్టం స్థిరంగా ఉండదు. గాలి దాన్ని మారుస్తుంది, బారోమీటరులో గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనానికి కొలత) పెరిగితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది.

కొండ మరుగున గాలి ఒక్కసారిగా ఆగి, మలుపు దాటగానే వేరే వైపు నుంచి కొడుతుంది కనుక ఇరుకులో ఇంజను సిద్ధంగా ఉంచండి.

రాత్రికి ఆగేటప్పుడు మన అలవాటు తలకిందులవుతుంది: లంగరు పడవ వెనక నుంచి వేస్తారు, ముందు భాగాన్ని బండకు కడతారు. ఒడ్డుకు నాలుగైదు పడవల పొడవు దూరంలో లంగరు వదిలి, తాడును చేతిలోంచి జారనిస్తూ, పాకినంత నెమ్మదిగా సాగండి. ముందు నిలబడినవారు నీటి అడుగును చూస్తూ లోతు చెబుతుండాలి. బండ అందగానే తాడు పట్టుకుని అడుగుపెట్టాలి గానీ దూకకూడదు; తడి నాచు మీద కాలు నిలవదు. చీలికలో ఇనుప మేకు దిగగొట్టి, లేదా చెట్టుకు, రెండు తాళ్లు కట్టండి. ఆ తరువాతే వెనక తాడు బిగించి, ముక్కు రాతికి తగలకుండా అర మీటరు వెనక్కి లాగండి.