అమ్మ ఫోన్ చేస్తే వేరొకరి పేరు పడేది, ఇలా సరిచేశాను

అమ్మ కాల్ చేసినప్పుడల్లా స్క్రీన్ మీద ఒక పాత సహోద్యోగి పేరు పడేది. రెండుసార్లు ఆయనే అనుకుని ఎత్తలేదు, తర్వాత చాలా బాధేసింది. రీస్టార్ట్, ఫోన్ యాప్ అప్‌డేట్, దాని క్యాష్ (యాప్ దాచుకునే తాత్కాలిక డేటా) క్లియర్ చేసినా లాభం లేదు.

చివరికి కాంటాక్ట్స్‌లో ముందు అన్ని ఖాతాలూ, సిమ్ కూడా కనిపించేలా పెట్టాను. తర్వాత పేరుతో కాకుండా అమ్మ నంబరుతో వెతికాను. అదే ముఖ్యం. సిమ్‌లో ఆయన పేరు కింద, దేశం కోడ్ లేకుండా, అమ్మ నంబరే ఉంది! ఆ ఎంట్రీ తీసేసి, అమ్మ నంబరును ప్లస్ గుర్తు, దేశం కోడ్‌తో మళ్లీ సేవ్ చేశాను. వెంటనే అమ్మతో కాల్ చేయించాను. ‘అమ్మ’ అనే పడింది.

నాది ఆండ్రాయిడ్. మీకు పేరు వేరే కాలర్ ఐడీ యాప్ (ఫోన్ చేసేవాళ్ల పేరు చూపించే యాప్) నుంచి వస్తుంటే ఇది పనిచేయకపోవచ్చు.