ఓటరు నిర్ణయాన్ని చదవడం – 4వ పాఠం: ముందు ఎవరు మారారో తేల్చండి

ఓటరు ఆఖరి వారంలో ఏం ఆలోచిస్తాడన్నది ఈసారి చెప్పాల్సిన పాఠం. అది వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు.

లెక్క మళ్లీ ఇస్తున్నాను. ఒకచోట వెయ్యిమంది ఓటర్లున్నారు. మొదటి ఎన్నికలో క పార్టీకి 400, చ పార్టీకి 300 ఓట్లు వచ్చాయి. మిగిలిన 300 మంది ఓటేయలేదు. తర్వాతి ఎన్నికలో క పార్టీకి 330, చ పార్టీకి 370. ఓటేయనివారు మళ్లీ 300. ఏం జరిగిందో రాయమన్నాను.

నూటికి తొంభై జవాబుల్లో ఒకటే మాట: క పార్టీ నుంచి 70 మంది చ పార్టీకి మళ్లారు. ఆ వెంటనే కారణాల జాబితా. ధరలు, ఉద్యోగాలు, నాయకుడి నోటిదురుసు, జనం మార్పు కోరుకోవడం, గాలి మారడం. ఒకరైతే ఆ 70 మందిలో యువకులెందరో మహిళలెందరో కూడా తేల్చేశారు. నేనిచ్చిన లెక్కలో వయసుల ఊసే లేదు, ఆడామగా ప్రస్తావనే లేదు.

ఆ 70 మందిని మీకు ఎవరు చూపించారు? 400లోంచి 330 తీసేస్తే 70 వచ్చింది, అంతే. తీసివేతలో మిగిలిన అంకెకు కాళ్లూ చేతులూ తగిలించి, దానికో మనసు పెట్టి, ఆ మనసులో ఏముందో కూడా రాసేశారు.

తొమ్మిది గడుల పట్టిక వేయండి. అడ్డువరుసలు పోయినసారివి: క, చ, ఇల్లు. నిలువువరుసలు ఈసారివి, అవే మూడు. ఓటేయనివారిని 'ఇల్లు' అంటున్నాను, పొట్టిగా ఉంటుందని. అంచుల్లో మొత్తాలు వేసుకోండి. ఇక లోపలి గడులు నింపాలి. మొదటి రకం ఇలా:

క (400): క 330, చ 0, ఇల్లు 70
చ (300): క 0, చ 300, ఇల్లు 0
ఇల్లు (300): క 0, చ 70, ఇల్లు 230

నిలువుగా కూడి చూడండి. 330, 370, 300. లెక్క సరిపోయింది. ఇందులో పార్టీ మారినవాడు ఒక్కడూ లేడు. క పార్టీ మనుషులు 70 మంది అలిగి ఇంట్లో కూర్చున్నారు. పోయినసారి ఇంట్లో కూర్చున్నవాళ్లు వేరే 70 మంది లేచొచ్చి చ పార్టీకి వేశారు. పోలింగ్ రెండుసార్లూ 70 శాతమే కాబట్టి వచ్చినవాళ్లూ వాళ్లేనని మీరు అనుకున్నారు. మీ జవాబులన్నీ బోల్తాపడింది ఇక్కడే.

రెండో రకం: క నుంచి చ పార్టీకి 150 మంది వెళ్లారు, చ నుంచి క పార్టీకి 80 మంది వచ్చారు. ఇల్లు వరుస కదల్లేదు. 400లో 150 పోయి 80 వస్తే 330. ఇదీ సరిపోయింది. ఇక్కడ 230 మంది పార్టీ మారారు. ఒకే ఎన్నికలో, ఒకేచోట, ఎదురెదురు దిక్కుల్లో. 'గాలి మారింది' అని రాసినవారు ఆ 80 మంది గాలికి ఎదురెందుకు నడిచారో చెప్పాలి మరి.

మూడో రకం చూస్తే నవ్వొస్తుంది. క పార్టీవాళ్లు 370 మంది చ పార్టీకి వేశారు. చ పార్టీవాళ్లు 300కి 300 మందీ క పార్టీకి వేశారు. కదలకుండా ఉన్నవాళ్లు క పార్టీలో మిగిలిన 30 మంది, ఇంట్లో ఉన్న 300 మంది. ఎక్కడా ఇలా జరగదు. కానీ అంచుల్లోని మొత్తాలు దీన్నీ కాదనవు. అవి కాదనలేని కథలు ఇన్ని ఉండగా వాటిలో ఒకదాన్ని ఎత్తుకుని ఇదే జరిగిందనడం ఊహ.

అయితే ఆ మొత్తాలను చూసి ఏమీ చెప్పలేమా? చెప్పొచ్చు. ప్రతి గడికీ ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం ఉంటాయి. ఈ పద్ధతిని డంకన్, డేవిస్ అనే ఇద్దరు అమెరికన్ సామాజికశాస్త్రవేత్తలు 1953లో ప్రచురించారు. అడ్డువరుస మొత్తం, నిలువువరుస మొత్తం కలపండి. అందులోంచి మొత్తం ఓటర్లను తీసేయండి. మిగిలింది కనిష్ఠం, మైనస్ వస్తే సున్నా అనుకోండి. ఆ రెండు మొత్తాల్లో చిన్నది గరిష్ఠం. మన లెక్కలో క నుంచి చ గడికి 400, 370 కలిపితే 770, వెయ్యికి తక్కువే. కాబట్టి కనిష్ఠం 0, గరిష్ఠం 370. మీరు రాసిన 70 ఆ మధ్యలో ఎక్కడో ఉంది. మిగతా ఎనిమిది గడులూ వేసి చూడండి, అన్నిటికీ కనిష్ఠం సున్నాయే.

ఇప్పుడు వంద ఓట్ల చిన్న బూత్ ఒకటి తీసుకోండి. అక్కడ పోయినసారి క 90, చ 5, ఇల్లు 5. ఈసారి క 40, చ 50, ఇల్లు 10. క నుంచి చ గడికి 90, 50 కలిపితే 140, వంద తీస్తే 40. అంటే కనీసం 40 మంది మారారు, 50కి మించి మారలేదు. ఇక్కడ ధైర్యంగా మాట్లాడొచ్చు. ఒక పార్టీకి కంచుకోటలాంటి బూత్‌లో గడి బిగుస్తుంది. ఓట్లు సమంగా చీలినచోట వదులవుతుంది. బూత్‌వారీ లెక్కలు చేతికొస్తే నేను ముందు ఏకపక్షంగా ఉన్నవాటినే ఏరుకుంటాను. మిగతావి తర్వాత, ఓపికుంటే.

కానీ కంచుకోటలో చూసింది మిగతాచోట్లకు అంటగట్టకండి. ఇంకా పెద్ద తప్పు మరొకటుంది. 'ఫలానా వర్గం ఎక్కువున్న బూత్‌లో చ పార్టీకి ఎక్కువ ఓట్లొచ్చాయి, కాబట్టి ఆ వర్గం చ పార్టీకే వేసింది' అనడం. ఆ వర్గం పక్కనుందన్న కోపంతో మిగతావాళ్లంతా చ పార్టీకి వేసి ఉండొచ్చు కదా? రాబిన్సన్ అనే పరిశోధకుడు 1950లో ఓట్లతో సంబంధం లేని లెక్కతో దీన్ని చూపించాడు. అమెరికా 1930 జనాభా లెక్కల్ని రాష్ట్రాలవారీగా చూస్తే, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువున్నచోట నిరక్షరాస్యత తక్కువ. సహసంబంధం, అంటే రెండు లెక్కలు కలిసి పెరుగుతాయో ఎదురెదురుగా నడుస్తాయో −1 నుంచి +1 మధ్య చెప్పే కొలత, −0.53. అవే లెక్కల్ని మనుషులవారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవారిలోనే నిరక్షరాస్యత కాస్త ఎక్కువ, +0.12. గుర్తే తిరగబడింది. కారణం సులువు. వలస వచ్చినవారు చదువుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనే స్థిరపడ్డారు.

ఇక ఓటరు దగ్గరికి వద్దాం. ఇంతసేపూ ఈ గడుల గొడవ ఎందుకంటే, ఒక్కో గడిలో జరిగే నిర్ణయం ఒక్కో రకం. వాటన్నిటికీ ఒకే కారణం రాస్తే ఏ గడికీ సరిపోదు.

క నుంచి క, చ నుంచి చ గడుల్లో సాధారణంగా ఎక్కువమంది ఉంటారు. వీళ్లు ప్రతి ఎన్నికలోనూ కూర్చుని నిర్ణయించుకోరు. పార్టీతో అనుబంధం చిన్నప్పుడు ఇంట్లోనే మొదలై, వయసుతోపాటు గట్టిపడుతుందని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1960 నాటికే చెప్పారు. ధరలు పెరిగాయన్న ఒకే వార్త ఒకరికి ప్రభుత్వ చేతగానితనంగా, మరొకరికి ప్రపంచమంతటా ఉన్న ఇబ్బందిగా కనిపిస్తుంది. 'ధరల వల్ల క పార్టీకే వేశాను' అని ఎవరైనా అంటే, వేయడం ముందు జరిగింది, ధరల మాట తర్వాత వచ్చింది అనుకోండి.

క నుంచి ఇల్లు గడిని చాలామంది వదిలేస్తారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన గడి ఇదే. సొంత పార్టీ మీద కోపం ఉంది, ఎదుటి పార్టీకి వేయడానికి చేయి రాదు. 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికప్పుడు సామాజికశాస్త్రవేత్త లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మందిని మే నుంచి నవంబరు దాకా నెలనెలా కలిసింది. మనుషులు మాత్రం ప్రతిసారీ వాళ్లే. ఇంట్లో ఒక పార్టీ, పనిచేసేచోట ఇంకో పార్టీ అన్నట్టు రెండువైపుల నుంచీ ఒత్తిడి ఉన్నవాళ్లు ఆలస్యంగా తేల్చుకున్నారు, కొందరు ఎన్నికల మీద ఆసక్తే కోల్పోయారు. సుమారు సగం మంది మే నెలకే మనసులో ఖాయం చేసుకున్నారు. ఆ ఏడు నెలల్లో పూర్తిగా పార్టీ మారినవారు పదిమందిలో ఒకరికి మించలేదు. అదే మనుషుల్ని మళ్లీ మళ్లీ అడగబట్టే ఇది తెలిసింది. సర్వేల్లో నేను పూర్తిగా నమ్మేది ఈ రకాన్నే.

క నుంచి చ గడిలో ఉన్నవారికి మాత్రం మీరు రాసిన కారణాలు కొంత వర్తిస్తాయి. పాలించినవాడు ఎలా పాలించాడన్నదే వీళ్ల ప్రశ్న. ఎవరి బాధ్యతో తేటగా తెలిసినప్పుడు ఈ తీర్పు గట్టిగా ఉంటుంది. ఐదారు పార్టీలు కలిసి ఏలినచోట ఎవరిని శిక్షించాలో తెలియక పలచబడుతుంది. ఇల్లు నుంచి చ గడి గురించి ఒక్కమాట: వాళ్లను ఎవరో వచ్చి అడిగి ఉంటారు.

మీలో కొందరు లెక్క పక్కనపెట్టి తెలిసినవాళ్లను 'పోయినసారి ఎవరికి వేశారు' అని అడిగి ఆ జవాబులతో పట్టిక నింపారు. ప్రయత్నం మంచిదే, కానీ జనానికి తాము వేసిన ఓటు సరిగ్గా గుర్తుండదు, గెలిచినవాడికే వేశామనుకుంటారు. 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికలో గెలిచిన కెనెడీకి వచ్చింది 49.7 శాతం. 1963లో ఆయన హత్య తర్వాత అడిగితే, దాదాపు మూడింట రెండొంతుల మంది తాము ఆయనకే వేశామన్నారు. ఇలాంటి జవాబులతో నింపితే, పోయినసారి గెలిచిన క పార్టీ అడ్డువరుస దానంతటదే ఉబ్బుతుంది.

పనిలో పని, రెండు సూచనలు. శాతాలతో చేయకండి, మనుషుల సంఖ్యతో చేయండి. పోలైన ఓట్లలో శాతాలు వేస్తే ఇల్లు వరుస మాయమైపోతుంది. రెండు ఎన్నికల మధ్య చనిపోయినవారికి, కొత్తగా జాబితాలో చేరినవారికి మరో అడ్డువరుస, మరో నిలువువరుస కావాలి. ఇప్పటికి వాటిని పక్కనపెట్టాం.

అభ్యాసం. అదే వెయ్యిమందిని రెండు బూత్‌లుగా విడదీస్తున్నాను, చెరో 500.

మొదటి బూత్: పోయినసారి క 300, చ 120, ఇల్లు 80. ఈసారి క 210, చ 230, ఇల్లు 60.
రెండో బూత్: పోయినసారి క 100, చ 180, ఇల్లు 220. ఈసారి క 120, చ 140, ఇల్లు 240.

రెండు బూత్‌ల పట్టికల్లో ఉన్న 18 గడులకూ కనిష్ఠం, గరిష్ఠం కట్టండి. తర్వాత గడికి గడి కలిపి, ఒకే పట్టికలో వచ్చినవాటితో పోల్చండి. క నుంచి చ గడి 0–370 నుంచి 30–330కి బిగుసుకోవాలి. అలా రాకపోతే కూడిక ఎక్కడో తప్పింది. ఆ పైన, రెండు బూత్‌లకూ సరిపోయేలా మూడు వేర్వేరు పట్టికలు పూర్తిగా నింపండి. ఒకదాంట్లో పార్టీ మారినవారు వీలైనంత తక్కువ ఉండాలి, ఇంకొకదాంట్లో వీలైనంత ఎక్కువ. మూడోది మీకు నిజమనిపించేలా ఉండాలి. ఎందుకు నిజమనిపించిందో గడికో వాక్యం చొప్పున రాయండి. రెండో బూత్‌లో చ పార్టీకి ఓట్లు తగ్గాయి, అది గమనించకుండా కలం పట్టకండి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఇల్లు వరుస ముందు నింపండి.