గర్భనిరోధక సాధనాలపై వచ్చే ఫిర్యాదులు: కారణం ఎక్కడ, ఏం చేయాలి

మొదలుపెట్టిన మూడు నెలలలోపే "ఇది నాకు పడటం లేదు, తీసేయండి" అంటూ వచ్చేవారిని చూస్తే, ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉంటే ఈ రాక తప్పేదేమో అనిపిస్తుంది. అయినా వచ్చిన మనిషికి కావలసింది కారణం. వైద్య సిబ్బందికి తరచుగా ఎదురయ్యేవి ఇవి.

ఇంజెక్షన్, ఇంప్లాంట్: వేళాపాళా లేని రక్తస్రావం

ఇంజెక్షన్‌లో, చేతి చర్మం కింద అమర్చే సన్నని కడ్డీ అయిన ఇంప్లాంట్‌లో ఉండే ప్రొజెస్టిన్ అనే హార్మోన్ వల్ల గర్భాశయ లోపలి పొర పలచబడి, అందులోని సన్నని రక్తనాళాలు తేలిగ్గా చిట్లుతాయి. తొలి నెలల్లో ఇది మామూలే. కానీ "మామూలే" అనే ముందు గర్భ పరీక్ష చేయాలి, కొత్తగా మందులేమైనా వాడుతున్నారా అని అడగాలి. కలయిక తర్వాత రక్తం కనిపిస్తోందంటే గర్భాశయ ముఖద్వారాన్ని కళ్లతో చూడకుండా పంపకూడదు. ఇవేవీ కారణం కాకపోతే, కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు లేనివారికి ఐబూప్రొఫెన్ 800 మిల్లీగ్రాములు రోజుకు 3 సార్లు, 5 రోజులు ఇవ్వవచ్చు. ఈస్ట్రోజన్ హార్మోన్ వాడదగినవారైతే 21 రోజులు మిశ్రమ మాత్రలు (ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్నవి) మరో మార్గం. అప్పటికీ ఇంప్లాంట్ వద్దంటే తీసేయాలి. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టమని బతిమాలడం మన పని కాదు.

నెలసరి పూర్తిగా ఆగిపోతే భయం మరో రకం: చెడు రక్తం లోపలే పేరుకుపోతోందని. పొర మందంగా పెరగడమే లేదు కనుక బయటికి రావలసింది లేదని చెబితే చాలామంది కుదుటపడతారు. ఇంజెక్షన్ మానాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చన్న మాట మాత్రం మొదటి డోసుకు ముందే చెప్పాలి.

మిశ్రమ మాత్రలు మరిచిపోయారు

ఒక్కటే అయితే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని కొనసాగించాలి. రెండు, అంతకు మించి అయితే మరిచినవాటిలో చివరిది మాత్రమే వేసుకోవాలి, 7 రోజులు కండోమ్ వాడాలి. అది మూడో వారమైతే హార్మోన్ లేని మాత్రలు వదిలేసి కొత్త ప్యాకెట్ మొదలుపెట్టాలి. మొదటి వారంలో మరిచి, ఈ మధ్యే కలయిక జరిగి ఉంటే అత్యవసర గర్భనిరోధం గురించి ఆలోచించాలి. అందుకు యులిప్రిస్టల్ అనే అత్యవసర మాత్ర ఇస్తే హార్మోన్ మాత్రలను 5 రోజులు ఆపాలి. లేకపోతే ఒకదాని పనిని మరొకటి దెబ్బతీస్తుంది.

మిశ్రమ మాత్రలు వాడుతున్నవారికి ఒక కాలు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ల ముందు మెరుపులతో తలనొప్పి మొదలైనా మాత్ర ఆపి వెంటనే వైద్యుడి దగ్గరికి పంపాలి.

సరిగ్గా వాడుతున్నా గర్భం

మందుల చీటీ అడిగి చూడండి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ కాలేయంలోని ఎంజైములను చురుకు చేసి, మాత్రల, ఇంప్లాంట్ల హార్మోన్లను త్వరగా ఖర్చు చేయిస్తాయి. ఆ మందు మానేసిన 4 వారాల వరకూ ఈ ప్రభావం ఉంటుంది. ఇలాంటివారికి కాపర్ టీ గానీ, మూడు నెలలకోసారి ఇచ్చే డీఎంపీఏ ఇంజెక్షన్ గానీ నయం. అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్‌లకు మాత్రం ఈ భయం అక్కర్లేదు, వాంతులు, విరేచనాలు కాకుంటే.

కాపర్ టీ దారం తగలడం లేదు

ముందు గర్భ పరీక్ష. తర్వాత ముఖద్వారంలో దారం ముడుచుకుందేమో చూసి, లేకపోతే స్కాన్ చేయించాలి. స్కాన్‌లో కనిపించలేదు కాబట్టి జారిపోయి ఉంటుందనుకోవడం తొందరపాటు. గర్భాశయ గోడను దాటి పొత్తికడుపులోకి వెళ్లిందేమో ఎక్స్‌రేతో తేల్చాలి. అది తేలేదాకా కండోమ్ వాడాలి. గర్భం నిర్ధారణ అయితే అది గర్భాశయం బయట ఉందేమోనన్నదే మొదటి అనుమానం కావాలి.

వేసెక్టమీ (మగవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్) తర్వాత భార్యకు గర్భం

ఇంట్లో ఆమెను నిలదీసే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: వీర్య పరీక్ష చేయించారా? కోసిన చోటికి అవతల మిగిలిన శుక్రకణాలు ఖాళీ కావడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. అప్పటివరకూ, పరీక్షలో అవి లేవని తేలేదాకా వేరే సాధనం వాడాల్సిందే. తేలిన తర్వాత కూడా అరుదుగా నాళాలు మళ్లీ కలుస్తాయి కనుక, వీర్యాన్ని మరోసారి పరీక్షించకుండా ఎవరి మీదా నింద వేయకూడదు.