ఉత్ప్రేరక గొట్టపు రియాక్టరుకు ఉష్ణ, ద్రవ్య బదిలీ నమూనా రాయడం: అసలు నిరోధం ఎక్కడుందో ముందు లెక్కేయండి

నమూనా మొదలుపెట్టగానే గొట్టం పొడవునా, అడ్డంగా, ఉత్ప్రేరక గుళిక లోపల, అన్ని దిశల్లోనూ సమీకరణాలు రాసేయాలనిపిస్తుంది. అలా రాస్తే తెలియని గుణకాలు పోగవుతాయి, జవాబు తేడా వచ్చినప్పుడు లోపం ఎక్కడుందో దొరకదు. కంప్యూటర్ తెరవకముందే అరపేజీ చేతిలెక్క వేయండి. ఏ సమీకరణం అవసరమో అదే చెబుతుంది.

ఉదాహరణకు ఆర్థో-జైలీన్‌ను గాలితో ఆక్సీకరించి థాలిక్ ఎన్‌హైడ్రైడ్ చేసే వనేడియం పెంటాక్సైడ్ రియాక్టరును తీసుకుందాం. గొట్టం లోపలి వ్యాసం 25 మి.మీ., పొడవు 3 మీటర్లు, గుళిక 3 మి.మీ., బయట 630 కెల్విన్ వద్ద కరిగిన లవణం. వాయువులో జైలీన్ మోల్ భాగం 0.0093. ఒక మోల్ మారితే 1285 కిలోజౌళ్ల వేడి వస్తుంది. వాయువు ఉష్ణధారిత మోల్‌కు 31 జౌళ్లు అనుకుంటే, చల్లబరచకుండా వదిలేసినప్పుడు పెరిగే ఉష్ణోగ్రత 0.0093 × 1285000 ÷ 31, అంటే సుమారు 385 డిగ్రీలు. ఒక శాతం కూడా లేని జైలీన్‌లో ఇంత వేడి దాగి ఉంది.

ఇప్పుడు వేడి బయటికి పోయే దారిలోని నిరోధాలను ఒక్కొక్కటిగా చూడండి. ప్రవేశం దగ్గర ఘనమీటరు బెడ్‌లో (గొట్టంలో నింపిన గుళికల రాశిలో) సెకనుకు 0.115 మోల్ జైలీన్ మారుతోందనుకుంటే, వెలువడే వేడి 148 కిలోవాట్లు.

గుళిక లోపల: వ్యాపన గుణకం సెకనుకు 0.000001 చదరపు మీటర్లు, ఉష్ణవాహకత 0.25 వాట్లు, జైలీన్ గాఢత ఘనమీటరుకు 0.18 మోల్ అయితే, మధ్యకూ అంచుకూ ఉండగల గరిష్ఠ తేడా ఒక డిగ్రీ లోపే. గుళికలో శక్తి సమీకరణం అక్కర్లేదు.

గుళిక చుట్టూ ఉన్న ఫిల్మ్‌లో, అంటే పలుచని వాయుపొరలో: గుళికల మధ్య ఖాళీ 40 శాతమైతే ఘనమీటరుకు 1200 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఫిల్మ్ గుణకం 314 వాట్లయితే తేడా 0.4 డిగ్రీ. ప్రస్తుతానికి ఇదీ వదిలేయొచ్చు. అయితే హాట్ స్పాట్ (బెడ్‌లో అన్నిటికంటే వేడి చోటు) దగ్గర చర్యావేగం కొన్ని రెట్లు అవుతుంది గనుక అక్కడ మళ్లీ సరిచూసుకోవాలి.

గొట్టం అడ్డంగా: గోడ గుణకం 156, బెడ్ అడ్డు ఉష్ణవాహకత 0.78 అనుకోండి. మొత్తం నిరోధం = 1/156 + 0.025/(8 × 0.78). దాన్ని తలకిందులు చేస్తే మొత్తం గుణకం 96 వాట్లు. ఘనమీటరు బెడ్ నుంచి డిగ్రీకి తీసుకెళ్లగల వేడి 4 × 96 ÷ 0.025, అంటే 15.4 కిలోవాట్లు. కాబట్టి 148 కిలోవాట్లు బయటికి పోవాలంటే బెడ్ లవణం కంటే 9.6 డిగ్రీలు వేడిగా ఉండాలి. అసలు నిరోధం ఇక్కడుంది.

ఈ అంకెకు అర్థం ఉత్తేజన శక్తిలో దొరుకుతుంది. ఉత్తేజన శక్తిని వాయు స్థిరాంకంతో భాగిస్తే ఇక్కడ 13636 కెల్విన్. 630 వర్గాన్ని దానితో భాగిస్తే 29 డిగ్రీలు, దాన్ని 2.718తో భాగిస్తే 10.7. జైలీన్ ఖర్చు కాదనుకుంటే ఇదే రనవే గీత: ఇది దాటితే ఉష్ణోగ్రత అదుపు తప్పి పెరిగిపోతుంది. మనం 9.6 దగ్గర ఉన్నాం. లవణాన్ని 4 డిగ్రీలు పెంచితే గీత దాటేస్తాం. జైలీన్ ఖర్చవుతుంది గనుక నిజమైన బెడ్ ఇంకొంత ఓర్చుకుంటుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే పక్క చర్యలు ఇంకా ఎక్కువ వేడినిస్తాయి. వాటిని వదిలేసిన నమూనాను భద్రత నిర్ణయాలకు వాడొద్దు.

తరువాత ఏకదిశా నమూనా రాయండి: పొడవునా జైలీన్‌కొకటి, శక్తికొకటి, పీడనానికి ఎర్గన్ సమీకరణం (గుళికల గుండా పోయే వాయువు కోల్పోయే పీడనాన్ని ఇచ్చేది). పొడవు గుళిక వ్యాసానికి 1000 రెట్లు ఉంది, కాబట్టి అక్షదిశ వ్యాపనం అక్కర్లేదు. సమీకరణాలు స్టిఫ్‌గా ఉంటాయి (కొన్ని మార్పులు చాలా వేగంగా, కొన్ని నెమ్మదిగా జరుగుతాయి), కనుక అలాంటివాటికి సరిపడే ఇంప్లిసిట్ పద్ధతి వాడి సాపేక్ష సహనాన్ని (లెక్కలో అనుమతించే దోషాన్ని) 0.000001కి పెట్టండి. మొదటి పరీక్షగా గోడ గుణకాన్ని సున్నా చేసి నడపండి: నిర్గమ ఉష్ణోగ్రత పెరుగుదల 385 × మార్పిడికి సరిపోవాలి. సరిపోకపోతే చాలాసార్లు తప్పు యూనిట్లలోనే ఉంటుంది. చర్యావేగం కిలో ఉత్ప్రేరకానికి ఇచ్చినదైతే బెడ్ సాంద్రతతో గుణించాలి. గుళిక సాంద్రతతో గుణిస్తే వేగం 1.67 రెట్లవుతుంది, లేని రనవే కనబడుతుంది.

ఇంకో పొరపాటు: పూర్తి గుళికలపై కొలిచిన వేగంలో లోపలి వ్యాపన ప్రభావం అప్పటికే కలిసి ఉంటుంది. దాన్ని ప్రభావశీలత గుణకంతో (లోపలి వ్యాపనం వల్ల వేగం ఎంత తగ్గిందో చెప్పే భాగంతో) మళ్లీ గుణించకూడదు.

ఎర్గన్‌లో ఖాళీ విలువను ఊహించకండి. 0.40 బదులు 0.36 పడితే పీడన నష్టం దాదాపు ఒకటిన్నర రెట్లు. గొట్టాలు నింపిన తీరులోనే ఇంత తేడా రావచ్చు.

థర్మోకపుల్‌తో పోల్చేటప్పుడు చాలామంది ఒకచోట తడబడతారు. అది గొట్టం నడిమధ్యన ఉంటుంది. ఏకదిశా నమూనా ఇచ్చేది అడ్డకోత సగటు. అడ్డు పంపిణీ పరావలయం అనుకుంటే, పై గుణకాలతో మధ్య తేడా సగటు తేడాకు 1.38 రెట్లు. సగటు లవణం కంటే 40 డిగ్రీలు ఎక్కువుంటే మధ్యలో 55. ఆ 15 డిగ్రీలకే చర్యావేగం దాదాపు 1.6 రెట్లవుతుంది. ఈ తేడా పట్టించుకోకుండా 55ను నమూనా సగటుకు అతికిస్తే గోడ గుణకం తక్కువగా తేలి, దానితో వేసిన తరువాతి లెక్కలన్నీ వంకరపోతాయి. సగటు తేడా పైన ఉత్తేజన శక్తి నుంచి వచ్చిన 29 డిగ్రీలను మించిందంటే ద్విదిశా నమూనాకు (పొడవుతో పాటు అడ్డంగానూ లెక్కించేదానికి) మారడం మేలు.

నెలల తరబడి నడిచాక హాట్ స్పాట్ నిర్గమం వైపు జరిగితే గోడ గుణకాన్ని ముట్టుకోవద్దు. ప్రవేశం దగ్గర ఉత్ప్రేరకం చురుకుదనం కోల్పోయిందన్నమాట. పొడవునా మారే చురుకుదనం గుణకం ఒకటి చేర్చి, దాన్ని మాత్రమే సరిచేయండి.