టయోటా పేరును తూచి చూడడం ఎలా: పాత కారు కొనే ముందు కంపెనీ చరిత్రను చదివే పద్ధతి

సెకండ్ హ్యాండ్ కార్ల బేరంలో "టయోటా బండి అండీ, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట ఊరికే రాదు, దానికి కొనేవారు డబ్బు చెల్లిస్తారు. ఏళ్ల తరబడి తిరిగిన ఇన్నోవా కూడా మంచి ధరకు అమ్ముడుపోతున్నదంటే అందులో కొంత భాగం ఇనుముకు, కొంత భాగం పేరుకు. ఆ పేరులో ఎంత భాగం మీరు చూస్తున్న బండికి నిజంగా చెందుతుందో తేల్చుకోవడం ఎలాగన్నదే ఈ వ్యాసం విషయం. ఇందుకు కంపెనీ చరిత్రను పొగడ్తల జాబితాగా కాకుండా, లోపం బయటపడిన ప్రతిసారీ అది ఏం చేసిందన్న లెక్కగా చదవాలి. ఆ తరువాతే బండి దగ్గరకు వెళ్లాలి.

టయోటా కథకు మూలమైన మగ్గంతో చదవడం మొదలుపెట్టండి. సకిచి టయోడా 1867లో జపాన్‌లో, నేటి షిజువోకా ప్రాంతంలో, ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. 1891లో చెక్క చేమగ్గానికి పేటెంట్ పొందాడు, 1896 నాటికి మరమగ్గం తయారుచేశాడు. ఆయన యంత్రాల్లో అసలైన విశేషం వేగం కాదు. పేక, అంటే అడ్డపోగు, తెగినా, అయిపోయినా మగ్గం తనంతట తాను ఆగిపోయేది. 1924 నాటి జి రకం మగ్గంలో పడుగు పోగు, అంటే నిలువు పోగు, తెగినా ఆగే ఏర్పాటుతో పాటు, అడ్డపోగును మోసే నాడెను నడుస్తుండగానే మార్చుకునే సదుపాయం కూడా కుదిరింది. తెగిన పోగుతో మగ్గం నడిస్తే గజాల కొద్దీ గుడ్డ పాడవుతుందని సిరిసిల్లలో మరమగ్గం నడిపిన వారికి విడిగా చెప్పనక్కరలేదు. లోపం కనబడిన చోటే పని ఆపడమనే ఈ పద్ధతికి జపనీయులు జిదోకా అని పేరు పెట్టారు. టయోటా పేరు మొత్తం ఈ ఒక్క పోగు మీద ఆధారపడి ఉందని నా అభిప్రాయం; అందుచేత ఆ కంపెనీ చరిత్రలో ఏ ఘట్టాన్ని చదివినా "ఇక్కడ మగ్గం ఆగిందా, నడుస్తూ పోయిందా?" అని అడగాలని సూచిస్తున్నాను.

వ్యవస్థాపకుల కథలను మాత్రం కొంచెం ఆచితూచి తీసుకోవాలి. 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఈ మగ్గం హక్కులకు 1 లక్ష పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నదనీ, ఆ సొమ్ముతోనే కార్ల వ్యాపారం పుట్టిందనీ చాలా చోట్ల రాస్తారు. ఒప్పందం నిజమే, కానీ లాంకషైర్ వస్త్ర పరిశ్రమ దిగజారడంతో ఆ మొత్తాన్ని తరువాత తగ్గించారు. కార్ల వ్యాపారానికి పెట్టుబడి ఆ ఒక్క చెక్కు నుంచే వచ్చిందన్నది చరిత్రకారులు అంగీకరించని సరళమైన కథ. ఇంత చిన్న విషయాన్ని ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, కంపెనీల గురించి మనం వినే కథలలో అందంగా ఒదిగిపోయినవాటినే ముందుగా సరిచూసుకోవాలి.

సకిచి కుమారుడు కిచిరో 1933లో మగ్గాల కంపెనీలోనే మోటారు వాహనాల విభాగం పెట్టాడు. 1935లో విడుదలైన జి1 లారీ నమ్మకానికి మారుపేరు కాదు సరికదా, దారిలో తరచుగా మొరాయించేది. 1936లో ఏఏ అనే కారు వచ్చింది, అదే ఏడాది గుర్తు కోసం జరిపిన పోటీ తరువాత టయోడా అన్న ఇంటిపేరు టయోటాగా మారింది. జపనీయుల లిపిలో అది ఎనిమిది గీతలతో ముగుస్తుంది, ఎనిమిది వారికి శుభసంఖ్య. 1937లో టయోటా మోటార్ కంపెనీ విడిగా ఏర్పడింది. యుద్ధం తరువాత 1950లో అప్పులు, సమ్మె, దాదాపు రెండు వేల మంది ఉద్యోగుల నిష్క్రమణ కలిసి కంపెనీని దివాలా అంచుకు తీసుకువెళ్లాయి, కిచిరో బాధ్యత వహించి అధ్యక్ష పదవిని వదులుకున్నాడు. ఆ వెంటనే కొరియా యుద్ధం రావడంతో అమెరికా సైన్యం ఇచ్చిన లారీల ఆర్డర్లు కంపెనీని నిలబెట్టాయి. నిలదొక్కుకోవడంలో అదృష్టం పాలు కూడా ఉందని ఒప్పుకుంటేనే చరిత్రను నిజాయితీగా చదివినట్లు.

మన పనికి అంతకంటే పనికొచ్చే ఘట్టం క్రౌన్ కారుది. 1957లో టయోటా అమెరికాలో అమ్మకాల కంపెనీ తెరిచి, జపాన్ రోడ్ల కోసం కట్టిన టయోపెట్ క్రౌన్‌ను అక్కడికి పంపింది. అమెరికా హైవేల వేగానికి ఆ ఇంజిన్ శక్తి చాలలేదు, పైగా బండి అదిరేది. 1958లో అక్కడ అమ్ముడైనవి 287 క్రౌన్‌లు, ఒక లాండ్ క్రూయిజర్ మాత్రమే. 1960 చివరలో కంపెనీ అమెరికాకు కార్ల ఎగుమతిని నిలిపివేసి, 1965లో హైవేలకు తట్టుకునే కొరోనా అనే కారుతో తిరిగి వెళ్లింది. ఇది మగ్గం ఆగిన ఘట్టం. నేడు మనకు తెలిసిన పేరు క్రౌన్‌తో రాలేదు, క్రౌన్‌ను ఆపి కూర్చున్న ఆ అయిదేళ్లలో వచ్చింది.

కర్మాగారంలో ఇదే అలవాటును పద్ధతిగా మలచిన వ్యక్తి టయోటా ఇంజనీరు తైచి ఓనో. ఏ కార్మికుడైనా లోపం చూసిన వెంటనే తాడు లాగి పైవారిని పిలవవచ్చు, అక్కడికక్కడ సరిచేయలేకపోతే వరుస మొత్తం ఆగుతుంది. విడిభాగాలు అవసరమైనప్పుడు అవసరమైనన్ని మాత్రమే రావాలన్న నియమం దీనికి జత. నిల్వలు లేకపోతే లోపాలు దాగడానికి చోటు ఉండదు. 1989లో టయోటా ఖరీదైన కార్ల బ్రాండైన లెక్సస్‌లో ఎల్‌ఎస్ 400 అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే రెండు మూడు చిన్న లోపాల మీద ఫిర్యాదులు రాగా, అప్పటికి అమ్మిన దాదాపు 8,000 కార్లనూ కంపెనీ వెనక్కి పిలిచి, చాలామంది యజమానుల ఇళ్ల నుంచే తీసుకువెళ్లి, సరిచేసి, కడిగి తిరిగి ఇచ్చింది. బండిని వెనక్కి పిలవడం, అంటే రీకాల్, చెడ్డపేరు తెస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. రీకాల్ జరగడం కంటే, అది ఎంత ఆలస్యంగా, ఎవరి ఒత్తిడితో జరిగిందన్నదే చూడవలసిన విషయం.

ఆ దృష్టితోనే 2009, 2010 సంవత్సరాలను చదవాలి. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కారు వేగం అదుపు తప్పి నలుగురు చనిపోయారు. యాక్సిలరేటర్ పెడల్‌కు తట్టుకునే ఫ్లోర్ మ్యాట్లు, నొక్కిన తరువాత సరిగా పైకి రాని పెడళ్లు కారణాలుగా బయటపడ్డాయి, ప్రపంచవ్యాప్తంగా 80 లక్షలకు పైగా వాహనాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. 2010 ఫిబ్రవరిలో అప్పటి కంపెనీ అధ్యక్షుడు అకియో టయోడా అమెరికా కాంగ్రెస్ ముందు హాజరై, మనుషులను తీర్చిదిద్దగలిగిన వేగాన్ని మించి కంపెనీ పెరిగిందని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది నాసా ఇంజనీర్ల అధ్యయనంలో ఎలక్ట్రానిక్ లోపం ఇందుకు కారణమనడానికి ఆధారం దొరకలేదు. ఇంతవరకు చదివి ఆపేస్తే కంపెనీ నిర్దోషిగా కనిపిస్తుంది. కానీ 2014లో, పెడళ్లు, మ్యాట్ల విషయంలో తాను వినియోగదారులను తప్పుదోవ పట్టించానని అంగీకరించి టయోటా అమెరికా ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు చెల్లించింది. ఒక సంఘటన గురించి చదివినప్పుడు దాని తరువాతి నాలుగైదేళ్ల వార్తలు కూడా తిరగేయాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నన్ను నిజంగా బాధపెట్టిన ఘట్టం ఇటీవలిది. 2023 డిసెంబరులో, టయోటాకు పూర్తిగా చెందిన దైహత్సు కంపెనీ 64 మోడళ్ల భద్రతా పరీక్షల్లో అవకతవకలు చేసిందని స్వతంత్ర కమిటీ తేల్చింది. వాటిలో టయోటా పేరుతో అమ్మిన కార్లు కూడా ఉన్నాయి, అన్నిటికంటే పాత ఉదంతం 1989 నాటిది. మోడళ్లను విపరీతమైన తొందరలో తయారుచేయమన్న ఒత్తిడే మూలమని కమిటీ చెప్పింది. 2024 జనవరిలో టయోటా ఇండస్ట్రీస్ వంతు వచ్చింది: డీజిల్ ఇంజిన్ల శక్తిని కొలిచే పరీక్షలో, అమ్మే బండిలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరే సాఫ్ట్‌వేర్ వాడి ఫలితాలు నునుపుగా వచ్చేటట్లు చేశారు. ఈ టయోటా ఇండస్ట్రీస్ మరెవరో కాదు, 1926లో సకిచి స్థాపించిన ఆ మగ్గాల కంపెనీయే. పోగు తెగితే ఆగాలని ప్రపంచానికి నేర్పిన చోటే తెగిన పోగుతో గుడ్డ నేశారు. ఆ ఇంజిన్ల కారణంగా మన దేశంలో కూడా ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ బండ్ల సరఫరాను కొద్ది రోజులు ఆపి, తరువాత తిరిగి మొదలుపెట్టారు. 2024 జూన్‌లో టయోటా సొంత మోడళ్లు కొన్నింటి పరీక్షల్లోనూ లోపాలు బయటపడ్డాయి.

ఇక్కడ రెండు ప్రశ్నలను కలపకండి. బండి ఎన్నేళ్లు మన్నుతుందన్నది ఒకటి, కంపెనీ చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చన్నది మరొకటి. డీజిల్ ఇన్నోవాలు లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయన్నది మొదటి ప్రశ్నకు సమాధానం, దాన్ని పరీక్షల కుంభకోణం చెరిపివేయదు. అలాగే ఆ మన్నిక ఎంత గొప్పదైనా రెండో ప్రశ్నకు సమాధానం కాదు.

ఇప్పుడు బండి దగ్గరకు వద్దాం. మొదట దాన్ని నిజంగా ఎవరు రూపొందించారో తెలుసుకోండి. బెంగళూరు దగ్గర బిడదిలోని టయోటా కిర్లోస్కర్ కర్మాగారం నుంచి 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చాయి. ఇవి టయోటా సొంత రూపకల్పనలు. 2019లో వచ్చిన గ్లాంజా సుజుకి బలెనోకు, రూమియన్ ఎర్టిగాకు, టైజర్ ఫ్రాంక్స్‌కు మరో పేర్లు. ఇవి చెడ్డ బండ్లని నేను అనడం లేదు, సుజుకికి తన మంచిపేరు తనకు ఉంది. అయితే ఇన్నోవా సంపాదించిన పేరుకు గ్లాంజా దగ్గర అదనంగా డబ్బు ఇవ్వడంలో అర్థం లేదు. బలెనో ధరతో పోల్చి బేరమాడండి.

తరువాత చాసిస్ నంబరు రాసుకోండి. ఇందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. సున్నా, ఒకటి అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు ఇందులో వాడరు. ఆర్‌సీ మీది నంబరు, బండి మీద చెక్కిన నంబరు ఒకటేనని మీ కళ్లతో చూడాలి. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో గానీ అధీకృత సర్వీసు కేంద్రంలో గానీ రీకాల్ పెండింగులో ఉందేమో అడగండి. అమెరికాలో కొనేవారికి ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ ఇదే సదుపాయాన్ని ఉచితంగా ఇస్తుంది. ముఖ్యంగా తకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల విషయం అశ్రద్ధ చేయకండి. వీటిలోని రసాయనం ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురై, ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరిపడే ప్రమాదం తెచ్చింది. మన దేశంలో 2017లో 23 వేలకు పైగా కొరోలా ఆల్టిస్‌లను దీని కోసమే వెనక్కి పిలిచారు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత నగరాల్లో తిరిగిన పాత ఆల్టిస్ చూస్తుంటే, ఎయిర్‌బ్యాగు మార్చిన రుజువు చేతికి వచ్చేవరకు బయానా ఇవ్వకండి.

అమెరికాలో టకోమా, టండ్రా, సెకోయా వంటి టయోటా పెద్ద బండ్లు కొనాలనుకునే తెలుగువారు బండి కింద ఫ్రేమును, అంటే బరువు మోసే ఇనుప చట్రాన్ని, తప్పక చూడాలి. 2000ల మధ్య కాలం నుంచి ఆ దశాబ్దం చివరి వరకు తయారైన ఈ బండ్లలో ఫ్రేము తుప్పుపట్టి చిల్లులు పడడం మీద పెద్ద దావా నడిచి, కంపెనీ తనిఖీకి, అవసరమైతే మార్పిడికి ఒప్పుకుంది. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్లకు ఈ తనిఖీ మరీ అవసరం. సుత్తితో మెల్లగా కొట్టి చూస్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది.

మన దగ్గర ఇన్నోవాకు ఉన్న ప్రత్యేకమైన సమస్య, ట్రావెల్స్ గతం. ఎల్లో బోర్డు మీద అయిదారేళ్లు తిరిగి వైట్ బోర్డుకు మారిన బండ్లు మార్కెట్టులో కనిపిస్తాయి, మీటరులో కిలోమీటర్లు తగ్గించిన బండ్లూ ఉంటాయి. రవాణా శాఖ రికార్డులో తొలి రిజిస్ట్రేషన్ ఏ వర్గం కింద జరిగిందో, ఎంతమంది చేతులు మారిందో చూడండి. సర్వీసు కేంద్రంలో ఈ చాసిస్ నంబరు మీద ఉన్న పాత జాబ్ కార్డుల కిలోమీటర్లను ఈనాటి మీటరుతో పోల్చండి. చివరి సర్వీసు నాటికి 2 లక్షల 40 వేలున్న బండి ఇప్పుడు లక్షన్నర చూపిస్తే ఇక మాట్లాడవలసిందేమీ లేదు. మీటరు నిజమే అయితే, పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీది తోలు, డ్రైవరు సీటు అంచు ఆ కిలోమీటర్లకు తగినంతే అరిగి ఉంటాయి.

ఇవన్నీ సరిపోయిన తరువాతే పేరుకు ధర కట్టండి. అదే సంవత్సరపు, అదే పరిస్థితిలోని మరో కంపెనీ బండి ధర కాగితం మీద రాసుకుని, తేడా ఎంతో చూసుకుని, ఆ తేడాకు ప్రతిగా అమ్మేవారు పూర్తి సర్వీసు చరిత్రనూ, రీకాల్ పూర్తయిన పత్రాన్నీ చూపించగలరా అని అడగండి. చూపించలేకపోతే ఆ తేడాను బేరంలో తగ్గించమనండి. ఆ తరువాత, డబ్బు లెక్కపెట్టకముందు, మీకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని బండిని ర్యాంపు మీదకు ఎక్కించి, టార్చిలైటుతో ఒక చివర నుంచి మరో చివర వరకు అడుగు భాగం చూడండి.